గొర్రెలను పిలిచే బొమ్మ

అక్కా,

నువ్వు పోయి ఈ రోజుకు ఏడాది. రాయచెర్లులో సోలార్ పలకల పక్కనే మరమనుషుల పార్కు తెరిచారు. నేను అందులో ఊడ్చే పనికి చేరాను. నువ్వు బతికుండగా ఈ పార్కు వాళ్లు మూడు రోజులు నీ వెంట కెమెరాలు పట్టుకుని తిరిగారే, అప్పుడు తీసిన నీ నడక, కొంగు దోపుకునే తీరు, గొర్రెలను పిలిచే కేక, అన్నీ ఒక మరబొమ్మకు పెట్టారు. చేతిలో నీ కర్ర కూడా ఉంది.

ఈ రోజు చూడడానికి వచ్చినవాడొకడు దాని కొంగు లాగాడు. పక్కవాళ్లు ఫోన్లలో తీసుకుంటూ నవ్వారు. తర్వాత దాని చెయ్యి మెలితిప్పాడు. మణికట్టు సందులో వాడి వేలు నలిగి గంట మోగింది. సేఫ్టీ ఆఫీసరు పరుగెత్తుకొచ్చి వేలికి మందు రాసి, బొమ్మ తరఫున క్షమాపణ కూడా చెప్పాడు.

"ఇది తిరిగి కొడ్తాదా?" అని వాడు అడిగాడు.

"కొట్టదు సార్. కొట్టేది దానికి నేర్పించలేదు."

తర్వాత ఆఫీసరు నా వైపు తిరిగి, "దాని చీర సరిజెయ్యమ్మా, ఇంకో గుంపు వస్తా ఉండాది" అన్నాడు.

నువ్వయితే అప్పట్లో సంతలో నీ కొంగు పట్టుకున్నవాడి మోచెయ్యి ఆ కర్రతోనే విరగ్గొట్టి, ఏమీ జరగనట్టు గొర్రెలు తోలుకుని ఇంటికొచ్చావు. కెమెరాల వాళ్లకు ఆ సంగతి నేనే చెప్పాను. నవ్వి ఊరుకున్నారు.

నేను బొమ్మ కొంగు దోపుతుంటే అది నీ గొంతుతో గొర్రెలను పిలిచింది. చేతిలోని కర్రయినా తీసుకుందామని లాగాను. రాలేదక్కా. స్క్రూలతో బిగించారు.