తగ్గిందా అంటే తగ్గిందని

1961 జూన్ 11, ఆదివారం

అమ్మ మళ్లీ డాక్టరును మార్చింది. ఈసారి కోవూరంట. నేను నెల్లూరు పోయి వచ్చేలోగా నాయన సైకిలు మీద ఎక్కించుకొని పోయొచ్చినాడు. గూట్లో పచ్చరంగు మిక్చరు సీసా. పోయిన నెల విడవలూరులో ఇచ్చింది ఎర్రరంగు. అంతకు ముందు బుచ్చిరెడ్డిపాలెం హకీము పొట్లాలు, దర్గా తాయెత్తు. రంగులు మారతా ఉండాయి, దగ్గు మాత్రం అదే దగ్గు.

ఎందుకు మార్చినావమ్మా అంటే, ఆయన హస్తవాసి మనకు పడలేదు అంటుంది. పోయి తగ్గలేదని ఆయనకే చెప్పొచ్చు గదా అన్నాను. మందిచ్చిన మనిషి దగ్గరికి అదే దగ్గుతో మళ్లీ పోతే ఆయన మొహాన కొట్టినట్టు కాదా, చదువుకున్నావు, ఆ మాత్రం తెలియదా అని నన్నే కసురుకుంది.

జూన్ 14

మా హెడ్మిస్ట్రెస్ ప్రేమలీల గారు పంటినొప్పని లీవు పెట్టినారు. పంటినొప్పికీ మా డాక్టరు గారు, పిల్లోడి జ్వరానికీ మా డాక్టరు గారు. ఆమె నోట మా డాక్టరు గారనే మాట రోజుకొక్కసారన్నా వస్తుంది. బి.ఏ. చదివిన మనిషి. మా దూదేకుల వీధిలో మా బావి అంటారు, మా బర్రె అంటారు, మా డాక్టరు అని ఒక్కరు అనగా నేను వినలేదు. మేం పోయేది జబ్బొచ్చినప్పుడు, ఎవురు కనపడితే వాళ్ల దగ్గరికి. సంతకం పెట్టేవాళ్లకేనా డాక్టరుండేది, వేలిముద్ర వాళ్లకు అక్కర్లేదా?

నేను ఎస్.ఎస్.ఎల్.సి. పాసయ్యి, ట్రెయినింగై, పంతులమ్మనయింది దేనికి? అమ్మకు ఒక డాక్టరును కుదర్చలేనా? ఆమెకేమన్నా అయితే నేను తట్టుకోలేను. ఈ మాట ఎవురితోనూ అనలేను, అందుకే ఇక్కడ రాసుకుంటా ఉండాను.

జూన్ 24, శనివారం

ప్రేమలీల గారు చెప్పిన డాక్టరమ్మ దగ్గరికే తీసుకుపోయినాను. ఎలిశబెతు గారు, నెల్లూరు. తెల్లచీర, మెత్తని మాట. రండి జమాల్‌బీ గారూ, కూర్చోండి అనింది. అమ్మ వెనక్కి తిరిగి చూసింది, ఇంకెవురో వచ్చినారనుకొని. ఆమెను గారూ అని పిలిచినవాళ్లు ఇంతవరకూ లేరు.

డాక్టరమ్మ అడిగినవాటికంతా నేనే టకటకా చెప్పేసినాను. దగ్గెప్పటి నుంచి, ఆయాసం ఏ వేళ, అన్నీ. పనేం చేస్తారంటే, పనేం లేదండీ, ఇంట్లోనే ఉంటుంది అన్నాను. మాత్రలు రాసిచ్చింది. పదిహేను రోజులు వాడి తన దగ్గరికే రమ్మనింది. అమ్మ బస్సులో, దేవత మాదిరి ఉండాది గదా అనింది. హమ్మయ్య, కుదిరింది.

జూలై 8, సాయంత్రం

నా తలకాయ కుదిరింది.

నేను మందుల షాపుకు పోయొచ్చేసరికి డాక్టరమ్మ మొహం వెలిగిపోతా ఉండాది. మీ అమ్మకు పూర్తిగా తగ్గిపోయిందంట, మాత్రలు ఆపేయండి, ఇంక రానక్కర్లేదు అనింది. నేనేమో సంబరపడిపోయినాను. బస్టాండు దగ్గర అమ్మ గోడ పట్టుకొని కూలబడింది. ఒకటే దగ్గు, ఒకటే ఎగశ్వాస. ఏందమ్మా ఇది, తగ్గిందని చెప్పినావంట గదా అంటే, అంత ఆశగా అడిగింది పాపం, లేదని ఎట్లా చెప్పేది, ఆ బిడ్డ దిగులు పడదా అనింది.

ఆ బిడ్డంట! డాక్టరమ్మకు నలభై ఏళ్లుంటాయి. బస్సులో అందరూ చూస్తా ఉండంగా అమ్మను తిట్టినాను. కళ్లనీళ్లు తుడుచుకుంటా తిట్టినాను.

జూలై 9

అమ్మతో మాటల్లేవు.

జూలై 10

మాటలుండాయి. మైపాడు నుంచి వంజరం చేప వచ్చింది, అమ్మ పులుసు పెట్టింది. కోపం మీద అన్నం ఎంతసేపు మానుకోగలం?

జూలై 27, తెల్లవారుజాము

ఊపిరాడక లేచి కూర్చునింది. నాయన విసనకర్రతో విసరతా ఏడ్చినాడు. నాయన ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. అమ్మ కాళ్లు పట్టుకున్నాను. డాక్టరమ్మ దగ్గరికే పోదాం, ఇంకొకళ్ల దగ్గరికి పోతే నేను బడికి పోను, అన్నం తినను అన్నాను. తెల్లారినాక ఒప్పుకుంది. కానీ అదే దగ్గుతో ఉత్త చేతుల్తో రానంట. మన చేత్తో ఒక దిండన్నా కుట్టి తీసుకుపోదామంట. ఈమెతో వేగలేక యాష్టపోయినాను. సరేలే అన్నాను.

ఆగస్టు 2

లోపలి గదిలో తలుపేసుకొని దిండు దూది శుభ్రం చేస్తా ఉండాది. గాలొస్తే దూది ఎగిరిపోతుందని మా ఇంట్లో ఎప్పుడూ తలుపేసే చేస్తారు. అమ్మ పుట్టినప్పటి నుంచీ అంతే. దగ్గతానే ఉండాది. వద్దంటే గమ్మునుండవే అంటుంది.

ఆగస్టు 5, శనివారం

డాక్టరమ్మ దిండును ఒత్తి చూసి, ఏ షాపులో కొన్నారని అడిగింది. అమ్మ పొంగిపోయింది. ఏ షాపూ కాదమ్మా, మా ఆయన ఏకినాడు, నేను గింజలూ చెత్తా ఏరినాను, కూరినాను, కుట్టినాను, ఎనిమిదేళ్ల పిల్లప్పటి నుంచి ఇదే పని అని చెప్పింది. తలుపేసుకొని చేస్తామని కూడా చెప్పింది.

డాక్టరమ్మ దిండు బల్ల మీద పెట్టేసింది. నా వైపు తిరిగి, పనేం లేదన్నారే అని అడిగింది. దూది పని ఒక పనని నాకు తట్టలేదు. మా ఇంట్లో అది గోడల మాదిరి ఉంటుంది. ఇంతమంది మందిచ్చినారు, రొమ్ములోకి పోయే ఆ దూది దుమ్ము సంగతి ఎవురికీ తెలియదు. పక్కనే పెరిగిన నాకు తెలిసీ చెప్పలేదు.

టీచరు గారూ, మీరు కాసేపు బయట కూర్చోండి అనింది. బడిలో పిల్లల్ని నేను పంపించినట్టే నన్ను పంపించేసింది. బెంచీ మీద కూర్చున్నాను. లోపల అమ్మ మాట్లాడతానే ఉండాది. మధ్యలో నవ్వింది కూడా.

బయటికొచ్చినాక ఏం చెప్పిందని ఎంత అడిగినా చెప్పదే. మా డాక్టరమ్మతో నాకు లక్ష ఉంటాయి, నీకెందుకు అనింది.

మా డాక్టరమ్మ.

ఆగస్టు 12

నాయన ఏకే విల్లును పెరట్లో చింతచెట్టు కిందకు మార్చినాడు. అమ్మకు కుట్టుపని మటుకే, అదీ మూతికి తడిగుడ్డ కట్టుకొని. సగం దూది కోళ్ల గూట్లోకి ఎగిరిపోతా ఉండాదని పొద్దస్తమానం అమ్మ సణుగుడు. సణగనీ.

ఆగస్టు 26, శనివారం

తగ్గిందా జమాల్‌బీ గారూ అని డాక్టరమ్మ అడిగింది. అమ్మ తల వంచుకుంది. చీర కొంగు వేలికి చుట్టుకుంది, విప్పింది. ఈసారి నేను నోరు బిగబట్టుకొని కూర్చున్నాను.

తగ్గలేదమ్మా అనింది.

వచ్చేటప్పుడు బస్సులో ఆమె దగ్గతా ఉండాది, నేను నవ్వతా ఉండాను. కండక్టరు మా ఇద్దరినీ ఎగాదిగా చూసినాడు.