అరటితొక్కల బూడిద

నవంబర్ 4, సోమవారం

మా ఆవిడ జున్మణికి క్రియాటినిన్ మళ్ళీ పెరిగింది, కిడ్నీలు ఇంకా దెబ్బతిన్నాయట. డయాలసిస్ దాకా పోకుండా తిండితోనే నెట్టుకొద్దాం, ఇప్పుడంతా మీ చేతిలోనే ఉంది అన్నారు డాక్టరమ్మ, నా వంక చూసి. వంట చేసేది నేనని ఆవిడకి తెలుసు.

రోజు మొత్తానికి ఉప్పు అర చెంచా. రెండు పేజీల డైట్ చార్ట్, అంతా ఇంగ్లీషులో. నేను మందుల షాపుకి వెళ్ళొచ్చేలోగా నర్సు జున్మణిని కూర్చోబెట్టి ఏదో చెబుతోంది. ఏం చెప్పిందని అడిగితే, ఏముంది, అన్నీ వద్దంది అని నవ్వింది.

ఇంటికి రాగానే చార్ట్ చూసి వద్దన్నవన్నీ ఏరేశాను. టమాటా, బంగాళదుంప, కొబ్బరిబోండాం. పెరట్లో కోసిపెట్టిన భీమ్‌కోల్ అరటిగెల మొత్తం పక్కింటి హేమప్రభ పిన్నికి మోసుకెళ్ళి ఇచ్చేశాను. జున్మణి గుమ్మంలో నిలబడి ఆ గెలని సాగనంపింది.

నవంబర్ 6, బుధవారం

చేపల పులుసు. టమాటా లేదు, ఉప్పు లేనట్టే. నిమ్మకాయ, వెల్లుల్లి, నాలుగు మెంతులు వేసి ఏదో కొత్తది కనిపెట్టాననుకున్నాను. పక్కనే నిలబడి ఎలా ఉందని అడిగాను. బాగుందంది. నాలుగు ముద్దలు తిని చెయ్యి కడుక్కుంది.

తర్వాత నేను రుచి చూశాను. చేపలు కడిగిన నీళ్ళు ఇంతకంటే నయం.

నవంబర్ 7

సొరకాయ. బాగుందంది. మూడు ముద్దలు.

నవంబర్ 9, శనివారం

ఆగస్టులో జున్మణికి పొయ్యి దగ్గర నిలబడే ఓపిక పోయినప్పుడు గరిట నేను అందుకున్నాను. అంతకుముందు ఇరవై నాలుగేళ్ళలో నేను వంటింట్లో చేసిన ఘనకార్యం టీ పెట్టడం. తేయాకు తోట ఆఫీసులో గుమాస్తాని, ఆ మాత్రం రాకపోతే పరువు పోతుంది. కానీ ఈ మూడు నెలల్లో వంట పిచ్చి పట్టింది. దాచుకోవడమెందుకు, నాకు ఇష్టంగా ఉంది. కొత్త కత్తి కొన్నాను. ఆఫీసులో ఫైలు ముందు పెట్టుకుని ఆవాలు ఎంతసేపు నానాలా అని ఆలోచిస్తాను. ఆఫీసులో వాళ్ళు నన్ను హజారికా వదిన అంటున్నారు. అననీ.

ఇవాళ జున్మణి బరువు చూశాం. నలభై మూడు కేజీలు. పోయిన నెల నలభై ఆరున్నర. కిడ్నీ సంగతి తర్వాత, తినకపోతే మనిషి మిగలదు. భయంగా ఉంది.

నవంబర్ 10, ఆదివారం, ఉదయం 7

రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లవారుతుంటే మా నానమ్మ గుర్తొచ్చింది. వాళ్ళ చిన్నప్పుడు ఉప్పు దొరకడం కష్టంగా ఉండేదట. అందుకని కూరల్లో ఖార్ వేసుకునేవాళ్ళమని చెప్పేది. అరటితొక్కలు ఎండబెట్టి, కాల్చి, ఆ బూడిదలో నీళ్ళు వడకట్టి తీసిన ఖార్. ఉప్పులాగే నాలుకకి తగులుతుంది, కానీ ఉప్పు కాదు!

ఇన్నాళ్ళూ ఇది తట్టకపోవడమేమిటి? అస్సాంలో పుట్టి, మధ్యాహ్నం అన్నంలో మొదటి ముద్ద ఖార్‌తోనే తిని పెరిగినవాణ్ణి. బజారులో సీసాల్లో అమ్ముతారు గానీ అందులో వాళ్ళు సోడా కలుపుతారు, సోడా అంటే మళ్ళీ ఉప్పే. నేనే చేస్తాను.

అదే రోజు, మధ్యాహ్నం

హేమప్రభ పిన్ని దగ్గరికి వెళ్ళాను. నేనిచ్చిన గెల వాళ్ళింట్లో పిల్లా పాపా కలిసి తినేశారు. తొక్కలు పారేయలేదు, పాతవాటితో కలిపి డాబా మీద ఎండేసింది. బుట్టెడు అడిగి తెచ్చుకున్నాను. మగాడివి ఖార్ కాలుస్తావా, ఉద్యోగంలోంచి తీసేశారా ఏమిట్రా అంది. కాలిస్తే కాలుస్తావు గానీ ఇల్లు మాత్రం కాల్చకు, అప్పిచ్చిన బ్యాంకువాళ్ళు ఊరుకోరు అని కూడా అంది.

నవంబర్ 13, బుధవారం

మూడు రోజులు పట్టింది. మొదటిరోజు తొక్కల్లో ఇంకా తడి ఉంది, పొగ తప్ప ఏమీ రాలేదు. వీధంతా దగ్గింది. రెండోరోజు మళ్ళీ ఎండబెట్టాను, ఆఫీసుకి సెలవు పెట్టి మరీ. ఇవాళ రేకు మీద పేర్చి నిప్పు పెడితే చక్కగా కాలి తెల్లటి బూడిద అయింది. కళ్ళు ఎర్రబడ్డాయి, కనుబొమ్మ కొంచెం కాలింది. కొబ్బరిచిప్పకి చిల్లులు పెట్టి, అడుగున గడ్డి పరిచి, బూడిద పోసి, పైన నీళ్ళు చుక్క చుక్కగా పోశాను. కింద గిన్నెలోకి దిగిన నీళ్ళు అచ్చం పల్చటి డికాషన్ రంగు. వేలితో నాలుకకి రాసుకుంటే జివ్వుమంది.

జున్మణి వరండాలో స్టూలు మీద కూర్చుని ఇదంతా చూసింది. ఎవరు చెప్పారు నీకు అని ఒకసారి అడిగింది. ఎవరు చెప్పాలి, నా బుర్రే అన్నాను.  నా మొహం వంకే చూస్తూ కూర్చుంది.

నవంబర్ 14, గురువారం

ఆ నీళ్ళు పోసి పచ్చి బొప్పాయి ఖార్ చేశాను. చివర్లో పచ్చి ఆవనూనె ఒక చెంచా. ఉప్పు రవ్వ కూడా వెయ్యలేదు.

పళ్ళెం ముందు పెట్టుకుని కొంతసేపు ఊరికే కూర్చుంది. ఎలా ఉందీ, తిని చెప్పు అన్నాను. ఒక ముద్ద తింది. కళ్ళు మూసుకుంది. మైనా నాన్నా, అచ్చం మా అమ్మ చేతి ఖార్‌లా ఉంది అంది. రెండోసారి వడ్డించుకుంది. రెండోసారి!

గరిట చేత్తో పట్టుకునే పెరట్లోకి పరిగెత్తి పిన్నికి గోడ మీంచి చెప్పాను. గౌహతిలో ఉన్న మా అమ్మాయి మైనాకి ఫోన్ చేసి చెప్పాను. అమ్మకి బొప్పాయి పెట్టి ఇంత గోల ఏమిటి నాన్నా అంది. లా చదివే పిల్లకి ఇవన్నీ ఏం తెలుస్తాయి.

నవంబర్ 16

మినపపప్పు ఖార్. అంతా తింది.

నవంబర్ 17, ఆదివారం

సొరకాయ ఖార్. మనవాళ్ళు పగలు తప్ప ఖార్ తినరు. నేను ఆ పట్టింపు పక్కన పెట్టి రాత్రికి కూడా చేశాను. చాదస్తం వల్ల మనిషి తిండి ఆగకూడదు. మంచి వంటవాడికి ఆ మాత్రం ధైర్యం ఉండాలి.

నలభై మూడున్నర కేజీలు. ఈ పేజీకి చుట్టూ గీత గీసుకుంటున్నాను.

నవంబర్ 19, మంగళవారం

కాళ్ళు బరువుగా ఉన్నాయట, మెట్టెక్కాలంటే ఎవరో పట్టుకుని లాగుతున్నట్టుందట. ఇన్నాళ్ళ తిండిలేమి కదా, బలం రావాలి. ఖార్ ఇంకో చెంచా పెంచాను.

నవంబర్ 20

వేళ్ళు తిమ్మిరి అంది. నూనె రాశాను. బొప్పాయి ఖార్ సగం తింది. ఒంట్లో బాగాలేదా, కూర బాగాలేదా అని అడిగాను. కూర బాగానే ఉంది అంది.

నవంబర్ 21, గురువారం, సాయంత్రం 4

ఆసుపత్రి వరండాలో రాస్తున్నాను. ఏదో ఒకటి చెయ్యకపోతే చేతులు ఆగడం లేదు.

ఉదయం పదకొండింటికి స్టూలు మీంచి లేవలేకపోయింది. నవ్వుతూనే, కాళ్ళు నా మాట వినడం లేదు అంది. మాట ముద్దగా వచ్చింది. నేను ఎత్తుకున్నాను. పిన్ని ఆటో పిలిచింది. ఆటోలో ఒకసారి కళ్ళు తేలేసింది. ఇక్కడికొచ్చాక గుండె నిమిషానికి ముప్పై ఎనిమిది కొట్టుకుంటోందన్నారు. రక్తంలో పొటాషియం 7.4, ఐదు దాటకూడదట. ఐసీయూలోకి తీసుకెళ్ళారు. మెడకి గొట్టం పెట్టి డయాలసిస్ చేస్తారట, సంతకం పెట్టమన్నారు. పెట్టాను.

దేన్ని తప్పించాలని మూడు నెలలుగా వండుతున్నానో, దానికే సంతకం పెట్టాను.

నవంబర్ 22, శుక్రవారం

బతికింది. ముందు ఆ మాట రాసుకోవాలి. బతికింది.

డాక్టరమ్మ పిలిచి ఈ వారం ఏం పెట్టారో ఒక్కటీ వదలకుండా చెప్పమన్నారు. చెప్పాను. నిజం చెప్పాలంటే కొంచెం గర్వంగానే మొదలుపెట్టాను. ఉప్పు బొత్తిగా మానేసి ఖార్‌తో వండానని. ఆవిడ కలం కింద పెట్టేశారు. రోజుకి ఎన్నిసార్లు అన్నారు. రెండుసార్లు అన్నాను.

ఆవిడ కేకలేస్తే బాగుండేది. మెల్లగా చెప్పారు. బాబాయ్‌గారూ, మా ఇంట్లోనూ ఖార్ లేకుండా అన్నం మొదలుపెట్టం, మీకెలా తోచిందో నాకు తెలుసు అన్నారు. అరటిపండు వద్దన్నది అందులో ఉన్న పొటాషియం కోసమే కదా, తొక్క కాల్చి వడకడితే మిగిలేది దాదాపు అదే కదా అన్నారు. పాడైన కిడ్నీ దాన్ని బయటికి పంపలేదు, అది గుండెని ఆపేస్తుంది అన్నారు.

పండు చేతులారా ఇచ్చేసి, తొక్క అడిగి తెచ్చుకున్నాను. కాల్చి, వడకట్టి, ఇంకో చెంచా పెంచి, రోజుకి రెండుసార్లు పక్కన కూర్చుని తినిపించాను. పరాయివాడు ఇలా చేస్తే విషం పెట్టాడంటారు.

నవంబర్ 23

మైనా వచ్చింది. ఎందుకిలా అయిందంటే జబ్బు ముదిరిందని చెప్పాను. కన్నకూతురికి అబద్ధం చెప్పాను.

నవంబర్ 25, సోమవారం

వార్డులోకి మార్చారు. మైనా టీకి వెళ్ళినప్పుడు జున్మణికి చెప్పేశాను. నేనే చేశాను, ఖార్ వల్ల, నాకు తెలియదు అని. 

ఆమె పైకప్పు వంక చూస్తూ, నాకు తెలుసు అంది.

ఏం తెలుసు అన్నాను. ఖార్ తినకూడదని తెలుసంది. నేను మందుల షాపుకి వెళ్ళినప్పుడు నర్సు మన భాషలో వేళ్ళు మడిచి మరీ చెప్పిందట. అరటిపండు వద్దు, అరటిదూట వద్దు, ఖార్ అసలే వద్దు అని.

అప్పుడు నాకు వచ్చిన కోపం ఇన్నేళ్ళలో ఎప్పుడూ రాలేదు. పక్క మంచం వాళ్ళు తిరిగి చూశారు. తెలిసి ఎందుకు తిన్నావు, చావాలనా, మమ్మల్ని ఏం చేద్దామని అని అరిచాను.

చావాలని కాదు మైనా నాన్నా అంది. మూడు రోజులు ఎండలో కూర్చుని తొక్కలు కాల్చావు. కనుబొమ్మ కాల్చుకున్నావు. పళ్ళెం పెట్టి ఎదురుగా గొంతుక్కూర్చుని ఎలా ఉంది ఎలా ఉంది అని అడుగుతావు. బాగాలేదంటే నీ మొహం ఎలా అయిపోతుందో నువ్వు చూడలేదు, ఆగస్టులో ఒకసారి అని చూశాను, రెండు రోజులు అన్నం మానేశావు. ఒక్కరోజుకి ఏం కాదులే అనుకున్నాను. నువ్వు రోజూ చేశావు. ఇక ఏ నోటితో వద్దనను?

నాకూ తినాలనిపించింది, అది కూడా నిజమే అంది.

బయటికొచ్చి ఆసుపత్రి మెట్ల మీద కూర్చున్నాను. ఇష్టంగా ఉందని రాసుకున్నానే, ఆ ఇష్టమే ఆమె నోరు మూసింది. నేను వండింది ఆమె కోసమేనా? ఆమె బాగుందంటే వినడం కోసమా? ఇన్నాళ్ళుగా ఈ డైరీలో ఆమె ఏమందో రాశాను గానీ ఆమెకి ఏం కావాలో ఒక్కసారీ రాయలేదు. తిరగేసి చూశాను. నిజంగా ఒక్కసారీ లేదు.

మైనా వచ్చి పక్కన కూర్చుంటే దానికీ నిజం చెప్పేశాను.  టీ గ్లాసు నా చేతిలో పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

నవంబర్ 29, శుక్రవారం

ఇంటికి తెచ్చాం. వారానికి రెండు డయాలసిస్‌లు. తర్వాత తగ్గించవచ్చేమో, తగ్గించలేకపోవచ్చు అన్నారు డాక్టరమ్మ. చార్ట్ మళ్ళీ తీసుకున్నాను, ఈసారి నర్సు దగ్గర కూర్చుని ఒక్కొక్కటీ అడిగి మన భాషలో రాసుకున్నాను.

మిగిలిన ఖార్ సీసా దొడ్లో పారబోశాను. వంటింట్లోకి వెళ్ళడం లేదు. పిన్ని వండి పంపుతోంది.

డిసెంబర్ 2

మైనా గౌహతి వెళ్ళిపోయింది. వెళ్తూ, అమ్మని ఆకలితో చంపకు అంది. నవ్వుతూ అందో కోపంగా అందో తెలియలేదు.

పిన్నికి నడుం పట్టేసింది. రేపట్నుంచి పంపలేనంది.

డిసెంబర్ 3, మంగళవారం, మధ్యాహ్నం

బీరకాయ. పొటాషియం పోవాలని నర్సు చెప్పినట్టే ముక్కలు ఉడికించి నీళ్ళు పారబోసి, మళ్ళీ వండాను.  పళ్ళెం పెట్టి పెరట్లోకి వెళ్ళిపోయాను.

లోపల్నుంచి పిలిచింది. ఇది కూరా, గోడలకి కొట్టే సున్నమా, నేను తినను అంది. పళ్ళెం అంత దూరం నెట్టేసింది.

ఏం కావాలో అడిగాను. చెప్పింది.