‘ఏమిటీ?’ అనని ఇరవై ఒక్క రోజులు

2వ తేదీ, సోమవారం. ఉదయం 7.10

ఫోనులో కొత్త అప్‌డేట్ దిగింది. నలభై నిమిషాలు పట్టింది. ఇకమీదట ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే ఆ మాటలు అక్షరాలై తెర మీద పడతాయట. తెలుగులో కూడా. ఎవరో నన్ను దృష్టిలో పెట్టుకునే చేసినట్టున్నారు.

నాకు చెవుడు లేదు. ఎడమ చెవి కొంచెం బద్ధకిస్తుంది, అంతే. ఎవరేమన్నా "ఏమిటీ?" అంటున్నానని మా ఆవిడ సణుగుతోంది. ఏమని సణుగుతోందో సరిగ్గా వినబడదు కానీ ముఖం చూస్తే తెలుస్తుంది.

తీర్మానం: నేటి నుంచి ఇరవై ఒక్క రోజులు "ఏమిటీ?" అనే మాట నా నోట రాదు. చెవుల డాక్టరు ప్రసక్తి ఈ ఇంట్లో రాదు.

సాయంత్రం 6.30

దుకాణంలో దిగ్విజయం. నాది కళ్ళద్దాల దుకాణం, ఇరవై ఆరేళ్ళుగా. కౌంటరు మీద ఫోను పెట్టాను. తొమ్మిది మంది వచ్చారు, ఒక్కరినీ మళ్ళీ అడగలేదు! అద్దాలు పెట్టుకుంటే ముసలిదానిలా ఉంటానేమోనని ఒక టీచరమ్మ వెనకాడింది. కనబడకపోవడం ముసలితనం కాదమ్మా, కనబడుతున్నట్టు నటించడమే ముసలితనం అన్నాను. ఆవిడ వెంటనే ఫ్రేము ఎంచుకుంది. అంత మంచి మాట నాకెలా తోచిందో తెలియదు.

3వ తేదీ, మంగళవారం. మధ్యాహ్నం 1.15

ఈ ఫోను వాడేవాళ్ళకి ఒక గ్రూపు ఉంది. చేరాను. అప్‌డేట్ గురించి అందరూ అందులోనే తిట్టుకుంటున్నారు. ‘అప్‌డేట్ మాస్టారు’ అని పేరు పెట్టుకున్న ఒకాయన అన్నింటికీ ఓపిగ్గా జవాబిస్తాడు. ఆయన చెప్పిన లోపాలు:

- ఫోను మూరెడు దూరంలో ఉండాలి.
- ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఇద్దరినీ కలిపి ఒకే మనిషిని చేస్తుంది.
- కుళాయి తిప్పితే అయోమయం.
- ఛార్జింగు మధ్యాహ్నం దాకానే.

చిన్న చిన్నవి. కొత్త కోడలి దగ్గర కూడా రెండు మూడు లోపాలుంటాయి.

4వ తేదీ, బుధవారం. సాయంత్రం 5.00

"కుర్చీ ఇటు చంపండి" అని మా ఆవిడ అన్నట్టు తెర మీద పడింది. ఆవిడ వంక కాసేపు చూశాను. జరపమందని ఊహించి జరిపాను. తీర్మానం భద్రం.

దుకాణంలో ఒక డ్రైవరు వచ్చాడు. "దూరం బాగానే ఉంది, దగ్గే తేడా" అని పడింది. గోరువెచ్చని నీళ్ళు తాగమన్నాను. అతను దగ్గర చూపు గురించి చెబుతున్నాడని పది నిమిషాల తర్వాత తెలిసింది. అప్పటికి ఆవిరి పట్టే విధానం కూడా వివరించేశాను.

5వ తేదీ, గురువారం. ఉదయం 9.40

"మళ్ళీ చెప్పండి" అన్నాను, రెండుసార్లు. అది "ఏమిటీ?" కాదు. తీర్మానం రాసింది నేనే కాబట్టి దానికి అర్థం చెప్పే హక్కూ నాదే.

6వ తేదీ, శుక్రవారం. సాయంత్రం 4.20

గ్రూపులో పెట్టాను: "నా స్నేహితుడొకడికి ఈ సదుపాయం బాగా ఉపయోగపడుతోంది. కాకపోతే తప్పులు ఎక్కువ. ఏం చెయ్యమంటారు?" మాస్టారి జవాబు: "మీ స్నేహితుణ్ణి ఒకసారి చెవుల డాక్టరుకి చూపించండి." దాని కింద పద్నాలుగు మంది బొటనవేలు ఎత్తారు.

ఫోను మార్చాలా, గ్రూపు మారాలా అని ఆలోచిస్తున్నాను.

7వ తేదీ, శనివారం. రాత్రి 8.30

శుభవార్త! మా అమ్మాయి భవనాల నక్షాలు గీసే ఆఫీసులో చేస్తుంది. పెద్ద ప్రాజెక్టులోకి తీసుకుంటారో లేదోనని నెల రోజులుగా సరిగ్గా తిండి కూడా తినడం లేదు. ఇవాళ భోజనాల దగ్గర తల వంచుకుని, లోగొంతుతో ఏదో చెప్పింది. వాళ్ళమ్మ గిన్నెలు కడుగుతోంది. ఫోను వంక చూశాను. "నాన్నా, నన్ను తీసుకున్నారు" అని ఉంది.

లేచి వెళ్ళి భుజం తట్టాను. "శభాష్! ఇలాగే జరుగుతుందని నాకు మొదటినుంచీ తెలుసు" అన్నాను. పిల్ల నా ముఖంలోకి చూసి, కళ్ళనిండా నీళ్ళతో గదిలోకి వెళ్ళిపోయింది. ఆనందబాష్పాలు.

8వ తేదీ, ఆదివారం. ఉదయం 8.00

మా ఆవిడ పొద్దున్నే నా కుడివైపు కుర్చీ లాక్కుని కూర్చుంది. చెవి దగ్గరికి వచ్చి, మాట మాట విడదీసి చెప్పింది.

"తీసుకోలేదండీ. తీసేశారు. ఉద్యోగంలోంచి తీసేశారు."

ఉదయం 8.45

కుళాయిది తప్పు.

ఉదయం 9.30

అప్‌డేట్‌ది తప్పు. గ్రూపులో గట్టిగా రాశాను. మాట మింగి మాట్లాడితే దానికీ కష్టమేనని ఎవరో రాశారు. అంటే మా అమ్మాయిది తప్పా? అంత దుఃఖంలో ఉన్న పిల్ల వార్తలు చదివినట్టు చెప్పాలా? వాడితో పోట్లాడి, రాసింది చెరిపేశాను.

మధ్యాహ్నం 12.10

ఎవరిది తప్పో నాకు తెలుసు.

గది తలుపు తట్టాను. లోపలినుంచి రమ్మందో వద్దందో వినబడలేదు. వెళ్ళిపోయాను లోపలికి. అమ్మాయి మంచం మీద ఆఫీసు నుంచి తెచ్చుకున్న పెన్సిళ్ళు, స్కేళ్ళు పరుచుకుని కూర్చుంది. నాకు రెండేళ్ళుగా సరిగ్గా వినబడటం లేదని చెప్పాను. ఎవరితోనైనా ఆ మాట అనడం అదే మొదటిసారి. నిన్న ఫోను ఏం రాసిందో కూడా చెప్పాను.

అమ్మాయి నవ్వింది, ఏడుస్తూనే.

"ఉద్యోగం పోయిందంటే శభాష్ అన్నది నువ్వొక్కడివే నాన్నా. నీకు మొదటినుంచీ తెలుసన్నావే, అదే ఎక్కువ బాధేసింది."

అసలేం జరిగిందో మొదటినుంచీ చెప్పమన్నాను. నా కుడివైపుకి జరిగి చెప్పింది. "ఏమిటీ?" అని ఎన్నిసార్లన్నానో లెక్కపెట్టలేదు. తీర్మానం ఏడో రోజునే మట్టిలో కలిసింది.

12వ తేదీ, గురువారం. ఉదయం 11.00

చెవుల పరీక్ష. అమ్మాయే తీసుకెళ్ళింది. అద్దానికి అవతల పరీక్ష చేసే ఆవిడ కూర్చుంది. శబ్దం వినబడితే బటను నొక్కాలి. ఆవిడ భుజం కదిలినప్పుడల్లా నొక్కాను. బ్రహ్మాండంగా సాగింది. కాసేపటికి ఆవిడ తలుపు తీసుకుని వచ్చింది.

"నేనింకా మొదలుపెట్టలేదండీ. పెన్ను వెతుక్కుంటున్నాను."

అమ్మాయి వచ్చి నా కుర్చీని గోడ వైపు తిప్పింది. మా దుకాణంలో బోర్డు మీది అక్షరాలు బట్టీపట్టి వచ్చేవాళ్ళని ఎన్నోసార్లు పట్టుకున్నాను. వాళ్ళ దగ్గర కాస్త మర్యాదగా ఉండాల్సింది.

ఎడమ చెవి సగానికి పైగా పోయింది. కుడిదీ ఆ దారిలోనే ఉంది.

24వ తేదీ, మంగళవారం. ఉదయం 10.15

చెవి మిషన్లు వచ్చాయి. శనగగింజంత ఉన్నాయి, రెండు. పొద్దున లేచినప్పటి నుంచి పడుకునేదాకా తీయకూడదన్నారు. కొత్త తీర్మానం: ఇరవై ఒక్క రోజులు చెవిలోంచి తీయను.

మధ్యాహ్నం 2.30

తీసేశాను. కాగితం తిప్పితే పిడుగు. నా చెప్పుల చప్పుడుకి నేనే వెనక్కి చూస్తున్నాను. పైగా టీచరమ్మ అద్దాలు సరిచేయించుకోవడానికి వచ్చి నా చెవుల వంకే చూసింది. లేదా నేనలా అనుకున్నాను. డ్రాయరులో పెట్టేశాను.

సాయంత్రం 6.40

దుకాణం మూసేముందు మళ్ళీ పెట్టుకున్నాను, ఇంట్లో చివాట్లు తప్పించుకోవడానికి.

ఇంటికొచ్చేసరికి అమ్మాయి లోపలి గదిలో ఎవరితోనో ఫోనులో మాట్లాడుతోంది. కొత్త ఉద్యోగానికి ఇంటర్వ్యూ. తలుపు వేసి ఉంది. అయినా వినబడుతోంది. బాగానే జవాబులు చెబుతోంది. పాత ఉద్యోగం ఎందుకు మానేశారని అడిగినట్టున్నారు. మా పిల్ల గొంతు సన్నగా వణికింది. ఒక్క క్షణం ఆగి, సర్దుకుని చెప్పింది.

చిన్నప్పుడు పరీక్షకి వెళ్ళేముందు ఇలాగే వణికేది. ఎప్పుడో మానేసిందనుకున్నాను.

తలుపు దగ్గర నిలబడి అంతా విన్నాను. బయటికి వచ్చాక ఎలా జరిగిందని అడగలేదు, శభాష్ అనలేదు. మంచినీళ్ళ గ్లాసు అందించాను. పిల్ల నా చెవుల వంక చూసింది.

"పొద్దున్నించీ పెట్టుకునే ఉన్నావా?"

మధ్యాహ్నం తీసేశానని ఒప్పుకున్నాను.

రేపు ఒకటో రోజు.