రెండో కంచం

సోమవారం, జూన్ 9

పూజ్యురాలైన అక్కకు,

ముందు నీకు, తర్వాత నీ కోపానికి నమస్కారాలు. నేను క్షేమం. నువ్వు క్షేమంగా లేవని తెలుసు కాబట్టి అడగను. ఫోన్ ఎత్తడం మానేశావని అమ్మ చెప్పింది. అందుకే ఈ ఉత్తరం. చింపే ముందు ఒక్కసారి చదువు తల్లీ.

నువ్వు తిడతావని ఇన్నాళ్లూ దాచాను. నిన్ను గెంటేసిన ఇంట్లోనే నేను పనికి చేరాను, మూడు నెలలైంది. ఆ ముసలావిడకి సాయంగా ఉండేందుకు ఎవరూ దొరక్క ఏజెన్సీ సూపర్‌వైజర్ మేడం తల పట్టుకుని కూర్చుంది. నా ఇంటిపేరు వేరు, ముఖం నాన్న పోలిక. నీ చెల్లెలినని ఎవరికీ అనుమానం రాలేదు.

శనివారం పది గంటలకి నీ మీద వచ్చిన ఫిర్యాదు ఫైలు సంగతి తేలుస్తారు. ముసలావిడ కొడుకు వస్తాడు, మేడం వస్తుంది. నువ్వు ఆవిడకి తిండి పెట్టలేదని తేలిందా, నీ సర్టిఫికెట్ రద్దు. ఇక ఏ ఇంట్లోనూ, ఏ ఆసుపత్రిలోనూ నిన్ను రోగి మంచం దగ్గరికి రానివ్వరు. పదకొండేళ్ల పని అక్కా! ఫైల్లో రాసింది ఇంతే: ఆవిడ ఆరు కిలోలు తగ్గింది, తిన్నావా అమ్మా అని కొడుకు ఫోన్లో అడిగినప్పుడల్లా లేదంది, పైగా నీకు కంచం లాగేసుకునే అలవాటుందట. ఆ చివరిది ఆ ఇంటి పైవాటాలో ఉండే ఆవిడ కల్పించిందని నువ్వు మండిపడుతున్నావట. ఆవిడ సంగతి తర్వాత చూద్దాం.

ఎందుకు తినలేదని కొడుకు అడగలేదు. నువ్వు అడుగుదామన్నా భాష రాదు. పక్షవాతం వచ్చాక ఆవిడకి మిగతా భాషలన్నీ తుడిచిపెట్టుకుపోయి పుట్టిన భాష ఒక్కటే మిగిలింది, కొరియన్. సరే, నేనే నేర్చుకుంటానని పట్టుబట్టాను. నవ్వకు.

వంటింట్లోనే మొదలుపెట్టాను. బాప్ అంటే అన్నం, గుక్ అంటే చారు, ముల్ అంటే నీళ్లు. డబ్బాలన్నిటికీ చీటీలు అంటించాను. ఆవిడ చూసే కొరియన్ సీరియల్లో అత్త ఏం తిడితే నేనూ చీపురు పట్టుకుని అదే తిడతాను. ఒకరోజు ఆ అత్త కోడలిని బయటికి పొమ్మన్న మాట భలే ఉందని, ఆవిడకి మాత్ర ఇస్తూ అప్పజెప్పాను. పాపం, మాత్ర చేత్తో పట్టుకుని తలుపు వైపు చూసింది! బట్టలు మడతపెట్టేటప్పుడు పాత పాట పెడుతుంది, ఇద్దరం పాడతాం. నా గొంతు సంగతి నీకు తెలుసుగా, అయినా ఆపమనలేదు. పూర్వం చిన్న హోటల్ నడిపేదట. హల్మొని అని పిలుస్తున్నాను, మన నాయనమ్మ అన్నట్టు.

కానీ అక్కా, అసలు సంగతి ఇప్పుడు రాస్తున్నాను. నా దగ్గరా ఆవిడ తినడం లేదు. రెండు చెంచాలు తిని కంచం నెట్టేస్తుంది. నేను వచ్చాక ఇంకో రెండు కిలోలు తగ్గింది. శనివారం నీ ఫైలు పక్కనే నా ఫైలూ తెరుస్తారేమో.

నీ వాగుడుకాయ రేడియో

గురువారం, జూన్ 12

అక్కా,

దొరికింది! నిన్న మధ్యాహ్నం వీడియో పెట్టుకుని, అందులో వంటావిడ అన్న ప్రతి మాటా తిరిగి అంటూ సముద్రపు నాచుతో చారు కాచాను. పొద్దున్నుంచి ఏమీ తినలేదేమో, కళ్లు తిరిగాయి. హల్మొని ముందు కంచం పెట్టి, ఎదురు కుర్చీలో కూలబడి, ఉప్పు సరిపోయిందో లేదోనని గిన్నెలో పోసుకుని తాగాను. తలెత్తి చూస్తే ఆవిడ చెంచా తీసింది. చారు ఖాళీ, అన్నం ఖాళీ! నేను ఇంకో ముద్ద తింటే ఆవిడా ఇంకో ముద్ద. సాయంత్రం మళ్లీ చూశాను. నిలబడితే చెంచా కింద పెట్టేసింది, కూర్చుంటే తీసింది.

మనకి అమ్మ నేర్పిందేమిటి? పెద్దవాళ్లు తింటుంటే పక్కన నిలబడి వడ్డించు, వాళ్లు లేచాకే నువ్వు తిను. నువ్వూ అదే చేశావు, నేనూ అదే చేశాను. మర్యాదే మన కొంప ముంచింది.

ఇది నేను చెబితే ఎవరు నమ్ముతారు? ఆవిడే చెప్పాలి, అదీ కొడుకు ముందు. అడగాల్సింది కాగితం మీద రాసుకుని గిన్నెలు తోముతూ బట్టీ పడుతున్నాను. ఆవిడకి ఒకరోజు గుర్తున్నది మర్నాడు ఉండదు. నువ్వెవరో కూడా మర్చిపోయి ఉంటే ఏం చేయను?

రేడియో

శనివారం, జూన్ 14

అక్కా,

వరసగా చెప్పనీ, లేకపోతే నాకే నమ్మకం కలగదు.

మేడం ఫైలు తెరిచి కలం మూత తీసింది. కొడుకు గడియారం చూసుకుంటున్నాడు. నేను నాలుగు గిన్నెల్లో చారు పోసి కూర్చున్నాను. ఇదేమిటి బల్ల దగ్గర కూర్చుందని మేడం కళ్లు పెద్దవి చేసింది. నోరు తెరిచాను. ఒక్క మాట రాదే! బట్టీ పట్టిందంతా ఆవిరైపోయి, సీరియల్ అత్త తిట్లు మాత్రం వరసగా గుర్తొస్తున్నాయి. చివరికి వచ్చీరాని మాటల్లో, హల్మొనీ, నా ముందు పనిచేసింది మా అక్క, తను పెడితే నువ్వెందుకు తినలేదు అని అడిగాను.

ఆవిడ చెంచా తీసి చారు కలపసాగింది. మర్చిపోయింది, మన పని అయిపోయింది అనుకున్నాను. అప్పుడు మెల్లగా, నాకు కూడా అర్థమయ్యేలా చెప్పింది. ఆ పిల్లని రోజూ కూర్చోమన్నానంది. కూర్చోలేదంది. ఆ పిల్ల ఒక్క మెతుకు నోట్లో వేసుకోగా చూడలేదంది. మా హోటల్లో గిన్నెలు కడిగే మనిషి కూడా నాతో కూర్చునే తినేది, ఆకలితో ఉన్నదాన్ని ఎదురుగా నిలబెట్టుకుని నా గొంతులో ముద్ద ఎలా దిగుతుందంది. ఇప్పుడైనా తింటోందా అని నన్నే అడిగింది.

కొడుకు అదంతా పొల్లుపోకుండా మేడంకి చెప్పాడు. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నానని సంతకం పెట్టాడు. నీ సర్టిఫికెట్ నీదే అక్కా! సోమవారం నుంచి నిన్ను రమ్మని హల్మొని కబురు. అంజ అంటే కూర్చో అని. ఆవిడ ఆ మాట అనగానే కూర్చుని తిను.

నీ చెల్లెలు,
రేడియో

తా.క.: పైవాటా ఆవిడని తిట్టకు. నేను మా అక్క అన్నానని కొడుకు చెప్పగానే మేడం ఫైల్లోంచి ఒక కాగితం తీసి, అయితే ఆ రోజు ఫోన్లో మాట్లాడిన చెల్లెలివి నువ్వేనా అంది. నేనే అక్కా. ఫిర్యాదు సంగతి చెప్పకుండా ఏజెన్సీ నుంచి ఫోన్ చేసి నీ గురించి నాలుగు మాటలు చెప్పమంటే, వాగడం నా జబ్బు కదా, మా అక్కకి కోపమెక్కువ, చిన్నప్పుడు నేను తినకపోతే కంచం లాగేసుకునేది అని నవ్వుతూ చెప్పాను. మేడం అదే రాసుకుంది. కంచం లాగేసుకుని, నీ చేత్తో ముద్దలు కలిపి నా నోట్లో పెట్టేదానివి. ఆ సగం నేను చెప్పలేదు.