ఉన్ని పరిచిన గిలక్కాయ

జూన్ 4
మనవరాలికి, అంటే మా బుడ్డిదానికి, నేటితో నాలుగు నెలలు నిండాయి. టీకాకి అమ్మాయితో నేనూ వెళ్లాను. నర్సు చాలా చెప్పింది. మాస్కు పెట్టుకుంది, నాకు సగమే అర్థమైంది. నయం, అన్నీ కాగితం మీద అచ్చువేసి ఇచ్చారు. ఈ వయసులో చేతికందిందల్లా నోట్లోకే పోతుందట. టిష్యూ రోల్ అట్టగొట్టంలో దూరేంత చిన్న వస్తువేదీ దగ్గర ఉంచొద్దట. రంగు పూసినవి వద్దు. ముదురు, లేత చారలైతే కంటికి బాగా ఆనతాయట. చప్పుడైన వైపు తల తిప్పడం ఇప్పుడే మొదలుపెడతారట. కానీ చెవి దగ్గర గట్టి మోత పనికిరాదట.
నలభై ఏళ్లు లేత్ మెషిన్ మీద కుర్చీ కాళ్లు తిప్పాను. ఒక్క గిలక్కాయ తిప్పలేనా.

జూన్ 7
వెనక గదిలో మెషిన్ దుమ్ము దులిపాను. నల్లచెక్క, తెల్లచెక్క అతికించి తిప్పాను. సన్నటి పిడి, పైన బోలు గుండు, లోపల ఐదు చెక్క గుళ్లు. మోత మెత్తబడాలని లోపల ఉన్ని గుడ్డ రెండు పొరలు పరిచాను. మూతకి జిగురు పెట్టి, బిగించి, సుత్తితో కొట్టి చూశాను. ఊడలేదు. అట్టగొట్టంలో పెట్టి చూశాను. దూరలేదు. ఊపితే గుళ్లు టక్కుటక్కుమని చేతికి తెలుస్తున్నాయి. బాగుంది.
మామయ్యగారూ, పాపకన్నా ముందు మీరే ఆడేసుకుంటున్నారే అన్నాడట అల్లుడు. అమ్మాయి మళ్లీ చెప్పాక నవ్వాను.

జూన్ 9
చారలు చూసింది. ఎటు తిప్పితే అటు కళ్లు తిప్పింది. పట్టుకుంది. నోట్లో పెట్టుకుని చొంగతో తడిపేసింది. నా పనిని అంత మెచ్చుకున్నవాళ్లు లేరు.

జూన్ 10
బుడ్డిదాని తల వెనక నుంచి ఊపాను. తిరగలేదు.

జూన్ 12
పాలు తాగాక ఊపాను. నిద్ర లేచాక ఊపాను. కుడి వైపు, ఎడమ వైపు. తిరగలేదు. కాగితం మళ్లీ చదివాను. నాలుగు నుంచి ఆరు నెలల మధ్య అని ఉంది. ఇంకా టైముంది.

జూన్ 13
ఇంకా టైముంది.

జూన్ 16
చప్పట్లు కొట్టి చూడొచ్చు. చేతులు ఎత్తాను కూడా. దానికీ తిరగకపోతే? దించేశాను.
అమ్మాయికి చెప్పాలి. గదిలోకి వెళ్లాను. బుడ్డిదాన్ని జోకొడుతూ ఏదో పాడుతోంది, పెదాలు కదులుతున్నాయి. ఆ పాట ఎవరు వింటున్నారు తల్లీ అనుకున్నాను. అక్కడ నిలబడలేకపోయాను.

జూన్ 17
నోటితో కాలేదు. చీటీ రాసి టీకా కార్డులో పెట్టాను. పాపకి చెవులు చూపించాలి, అని.
మధ్యాహ్నం అమ్మాయి చూసింది. నా ఎదురుగా కూర్చుని ఎప్పట్నుంచి అని అడిగింది. వారం నుంచి చూస్తున్నా, చప్పుడుకి తిరగట్లేదు అన్నాను. వారం రోజులు కడుపులో పెట్టుకు కూర్చున్నావా నాన్నా, నీ నోట్లో నాలుక లేకపోతే పోయె, నా చెయ్యి పట్టుకుని లాగకూడదా అని ఏడ్చింది. నేను పిలిస్తే నవ్వుతుందే అంటుంది. మళ్లీ తనే, నన్ను చూసి నవ్వుతుందేమో అంటుంది. రేపే డాక్టరమ్మ దగ్గరికి. ఇద్దరం భోజనం చేయలేదు.

జూన్ 18
బుడ్డిదాన్ని అమ్మాయి ఒళ్లో కూర్చోబెట్టుకుంది. డాక్టరమ్మ చిన్న గంట పట్టుకుని మా వెనక్కి వెళ్లింది. నేను బుడ్డిదాని ముఖమే చూస్తున్నాను. గంట ఎప్పుడు కొడుతుందా అని ఎదురుచూశాను. బుడ్డిది తల తిప్పింది. అమ్మాయి ఏడుస్తూనే నవ్వింది.
ఇంకా గంట కొట్టలేదుగా అన్నాను.
అందరూ నా వైపు చూశారు.
డాక్టరమ్మ గిలక్కాయ అడిగి తీసుకుని, తన చెవి దగ్గర ఊపింది. లోపల ఏముందంది. ఉన్ని సంగతి చెప్పాను. నా ముందుకొచ్చి, ఇది మోగదు తాతగారూ అంది, ఒక్కో మాటా విడమరిచి. మోగుతుందండీ అని నా అరచెయ్యి చూపించాను.
అది మోగదని అమ్మాయికి ముందే తెలుసట. నమలడానికి చేశావనుకున్నా నాన్నా అంది. ఇన్నేళ్లూ నువ్వు మాట తక్కువ మనిషివనుకున్నాం అంది. ఇంటికొచ్చేదాకా నా చెయ్యి వదల్లేదు.
బుడ్డిదాని చెవులు బాగున్నాయి. నావి ఏమైతే నాకేం.

జూన్ 30
చెవికి మెషిన్ పెట్టారు. ఫ్యాన్ ఇంత గోల చేస్తుందా. నా చెప్పులు కూడా అరుస్తున్నాయి. అమ్మాయి జోకొడుతూ పాడింది. శ్రుతి లేదు. బుడ్డిది ఎలా ఓర్చుకుంటోందో. తలుపు పక్కన నిలబడి చివరిదాకా విన్నాను.

జులై 2
ఉన్ని లేకుండా ఇంకోటి తిప్పాను. మరీ గట్టిగా లేదు. ఈసారి చెవితో చూసుకున్నాను.

జులై 21
వెనక ఏదో మోగింది. తిరిగాను.
బుడ్డిది కొత్త గిలక్కాయ పట్టుకుని నా ముఖమే చూస్తోంది.