అక్క కూర్చోవాల్సిన బండి

నల్లగండ్ల,
ఆదివారం పొద్దున

మంచిర్యాలల ఉన్న మా అక్కకు,

నీ తమ్ముడు అనిల్ దండం పెట్టి రాసేది. ఇక్కడ రజిత ఆరోగ్యంగ ఉన్నది, చిన్నది కాలేజీకి పోయొస్తున్నది. అక్కడ నువ్వు, బావ బాగున్నరనుకుంటున్న. నా సంగతి ఈ ఉత్తరంలనే కింద రాస్త.

నీ ఉత్తరం వచ్చి ఇరవై రోజులు దాటింది. నేనెప్పుడు ఇంత ఆలస్యం చెయ్యలేదు. ఫోన్‌ల నీకు సగం వినబడదు, వాట్సాప్‌ల రాస్తే "రెండు ముక్కలు రాస్తే మనిషి కనిపిస్తడార?" అంటవు. అందుకే మనిద్దరికి ఈ ఉత్తరాలు మిగిలినయి. మా గేటు కాడి పోచయ్య కవరు చేతికిస్తూ "ఈ మూడు బ్లాకులల్ల చేత్తోని రాసిన ఉత్తరం మీ ఒక్కరికే వస్తది సార్" అన్నడు. నాకు మస్తు గర్వమైంది. ఆ గర్వం ఆ వారం దాటలేదు, అది వేరే మాట.

ముందు నువ్వు అడిగినవాటికి చెప్త. బావ మోకాలికి ఇక్కడి డాక్టర్‌కు ఎక్స్‌రే చూపించిన. మెట్లు తగ్గించుమన్నడు, నడక మాననియ్యొద్దన్నడు. రజితకు నీ ఊరగాయ ముట్టింది. చిన్నదాని పరీక్షలు మార్చిల.

ఇగ బండి. ఏది తీసుకున్నవ్, ఎట్ల ఎంచినవ్, వెనక సీటు ఎట్లున్నది అని పేజీ నిండ రాసినవ్.

మనిద్దరి బాధ ఏందంటే, నువ్వు కారెక్కితే సుల్తానాబాద్ రాకముందే కక్కుతవ్. ఏసీ బస్సైతే డోరు మూసిన కాడికెల్లే మొదలు. గాలి ముఖానికి తగలాలె నీకు. నా పెండ్లికి బావ స్కూటర్ వెనక కూసొని వరంగల్ దాంక నవ్వుకుంట వచ్చినవ్. నాకేమో నడుములో జారిన డిస్కు. ముప్పై ఏండ్లు పిల్లలకు బోర్డు మీద గోదావరి గీసి గీసి, రోజు మంచిర్యాల కాడ చూసే ఆ నీళ్లు సముద్రంల కలిసే చోటు నువ్వు చూడనే లేదు. మార్చిల నువ్వు రిటైర్ అయినంక అంతర్వేదికి బండి మీద నేనే తీస్కపోత అన్న. అన్నంక నా నడుము సంగతి యాదికొచ్చింది.

బండ్లు చూడనీకి మూడు వారాలు తిరిగిన. ఆఫీసుల నా పక్క సీటు ఉదయ్ భాస్కర్‌ది రాజోలు. అంతర్వేది వాళ్ల ఊరికి దగ్గరనే. ఏడాదికి రెండుసార్లు బండి మీదనే ఊరికి పోతడు. అతన్నే వెంట తీస్కపోయిన.

మొదలు గచ్చిబౌలిల ఒక బండి చూసినం. సీటు కిందికి, కాళ్లు ముందుకు చాపి కూసునేది. కూసోంగనే సోఫాల కూసున్నట్టు అనిపించింది. "ఇదే ఖాయం" అన్న.

"ఆగండి," అన్నడు ఉదయ్ భాస్కర్. "కూర్చోగానే బాగుందనిపించడం కాదండి, గంట తర్వాత నడుం ఏమంటుందో అది వినాలి. కాళ్లు ముందుకు చాపితే మీ బరువంతా వెన్ను చివర మీదే పడుతుంది. గుంతొచ్చినప్పుడు కాస్త పైకి లేద్దామన్నా కాళ్ల కింద ఆధారం ఉండదు."

నిజమే. తెల్లాపూర్ దాంక తోలంగనే స్పీడ్ బ్రేకర్ ఒక్కొక్కటి తిన్నగ మెడ దాంక కొట్టింది. తర్వాత ముందుకు వంగి తోలేది చూసినం. అది నడుమును వదిలి మణికట్లను పట్టుకున్నది. ఇంకొకటి ఎత్తు బండి, కొండలెక్కేటోళ్లది. కుర్చీల కూసున్నట్టు నిటారుగ కూసోవస్తది, గుంతలు తెలువనే తెలువయి. కాని నా మునివేళ్లే నేలకు ఆనినయి.

ఆఖరికి నడుమ రకం బండి దొరికింది. వెన్ను నిలబెట్టి కూసోవచ్చు, పాదాలు మోకాళ్ల కిందనే ఉంటయి, హ్యాండిల్ కోసం వంగనక్కర లేదు. వెనక కూసునేటోళ్ల బరువును బట్టి స్ప్రింగ్ బిగించుకునే వీలున్నది. నీకు వీపు ఆనించుకోనీకి చిన్న దిండు గూడ పెట్టించిన. రంగు నువ్వు చెప్పిన ముదురు నీలమే. నలబై నిమిషాలకొకసారి దిగి నడవాలని ఉదయ్ భాస్కర్ కాయితం మీద రాసి, ఆగాల్సిన ఊర్లు గూడ గుర్తుపెట్టి ఇచ్చిండు. రజిత ఒక్కటే అడిగింది, "నడుము నిజంగ బాగైందా?" అని. అయిందన్న.

ఇక్కడిదాంక రాసి లేచి రెండుసార్లు నీళ్లు తాగొచ్చిన అక్కా. ఈ తర్వాతది రాయనీకే ఇరవై రోజులు పట్టింది.

పోయిన ఉత్తరంల బాగైందని రాసిన గని, నా నడుము బాగు కాలేదు. దసరా తర్వాత నొప్పి తగ్గింది, అది నిజమే. నొప్పి పోయిన చోట తిమ్మిరి వచ్చింది. ఎడమ కాలు మోకాలి కింద నాది కాదన్నట్టు అయితున్నది. నవంబర్‌ల ఒకనాడు ఆఫీసుల లిఫ్టు దిక్కు పోతుంటె వెనకనుంచి ఒక పిల్ల ఉరికొచ్చి "సార్, మీ చెప్పు" అని చేతికిచ్చింది. ఎడమ కాలి చెప్పు. అది ఊడిపోయి ఇరవై అడుగులు నడిచిన, నాకు తెలువలేదు. రజితకు చెప్పకుండ దవాఖానకు పోయిన. డాక్టర్ బొటనవేలు పట్టుకొని పైకి లేపుమన్నడు. నేను లేపిన అనుకున్న. అది లేవలేదు. "నరం నలుగుతున్నది. ఆపరేషన్ ఆలస్యం చెయ్యొద్దు. అప్పటిదాంక బండి ముట్టొద్దు," అన్నడు. ఆ కాయితాలు ఆఫీసు డ్రాయర్‌ల పెట్టి తాళం వేసిన.

ఎందుకు దాచినవని అడుగుతవు. ఆపరేషన్ అంటే మూడు నెలలు మంచం, ఆ తర్వాత ఇంకో మూడు నెలలు బండి తోలొద్దు, ఏప్రిల్ పోతది. నువ్వు స్కూల్ల అందరికి చెప్పుకున్నవు, బూట్లు గూడ కొనుక్కున్ననని రాసినవ్. నీ కోసమే దాచిన అని నాకు నేను చెప్పుకున్న. ఇప్పుడు చూస్తే అది గూడ అబద్ధమే. మంచాన పడ్డ మనిషినైతనని భయపడ్డ. నలబై ఆరేండ్లకు ఇగ అయిపోయింది అనిపించుకోవద్దని బండి కొన్న. నీ పేరు అడ్డం పెట్టుకున్న.

నీ ఉత్తరం వచ్చిన మరుసటి రోజు, ఆదివారం పొద్దున, వెనక బరువుంటే ఎట్లుంటదో చూద్దామని బియ్యం సంచులు రెండు సీటుకు కట్టిన. ఒక్కొక్కటి ఇరవై ఆరు కిలోలు, రెండు కలిపితే ఇంచుమించు నీ అంత. రజిత చూసి నవ్వింది. "వదినె మీద జర మెల్లగ పోనియ్యి" అన్నది. నానక్‌రామ్‌గూడ దాంక బండి ఎంత బాగ పోయిందంటే, సంచులతోని మాట్లాడుకుంట పోయిన. "చూసినవా అక్కా, గుంత తెలిసిందా?" అని.

అక్కడ షేర్ ఆటోలు ఆగే కాడ ముంగట ఆటో అడ్డమొచ్చింది. బ్రేకేసి ఎడమ కాలు కింద పెట్టిన. పెట్టిన అనుకున్న. పాదం మెలిక పడి పక్కకు వాలింది. బండి, సంచులు, నేను, అంత ఒక్కసారి ఎడమ దిక్కు ఒరిగినం. అక్కడ ఒకామె నిలబడి ఉన్నది. బండి ఆమె కాలి మీద పడ్డది.

ఆమె పేరు ఈరమ్మ. మక్తల్ దిక్కు మనిషి. పక్క టవర్‌ల హౌస్‌కీపింగ్ చేస్తది, డ్యూటీ దిగి ఆటో కోసం నిలబడ్డది. మోకాలి కింద ఎముక రెండు చోట్ల విరిగింది. సంచి పగిలి బియ్యం రోడ్డంత పడ్డయి. ఆమె అరవలేదు, బియ్యం దిక్కే చూసింది. పదిమంది కూడి బండి లేపినరు. ట్రాఫిక్ కానిస్టేబుల్ వచ్చి "ఏమైంది సార్?" అన్నడు.

నా నోట్లకెల్లి వచ్చిన మాట ఇది, "ఇసుక ఉన్నది, జారింది."

ఇసుక ఉన్నదే. ముంగట బిల్డింగు కడుతున్నరు. అందరు బిల్డర్‌ను తిట్టినరు. ఇంకా ఘోరం ఏందంటే, నేల మీద కూసొని పండ్లు బిగబట్టిన ఈరమ్మ గూడ నా తరఫునే మాట్లాడింది. "అవు సారు, గీ ఇసుకల మొన్న నేను గూడ జారిన. నీకేం దెబ్బ తాకలే గద?"

దవాఖానల చేర్పించిన. కాలికి రాడ్ వేసినరు. ఆమెకు పెండ్లైన బిడ్డ ఒక్కతే, భర్త లేడు. రోజు ఆఫీసుకెల్లి పోయి చూసొచ్చిన. ఆమెనేమో వచ్చినోళ్లందరికి చెప్తున్నది, "ఇంకొకలైతే పారిపోతుండె, సారు మంచోడు" అని. ఆ మాట విన్న ప్రతిసారి బయట మెట్ల మీద కూసున్న. ఆరు రోజులు విన్న అక్కా. ఏడో రోజు నా వల్ల కాలేదు.

ముందు రజితకు చెప్పిన. డ్రాయర్ కాయితాలు తెచ్చి ముంగట పెట్టిన. మొత్తం చదివింది. తారీకు దగ్గర వేలు పెట్టి, "నవంబర్," అన్నది. అప్పటికెల్లి ఇంట్ల అన్నం పెడుతున్నది, మాట లేదు.

మరునాడు ఈరమ్మ మంచం కాడ నిలబడి చెప్పిన. ఇసుక కాదమ్మా, నా కాలు మొద్దుబారింది, బండి తోలొద్దని డాక్టర్ ముందే చెప్పిండు అని.

నా కాలు దిక్కు చూసింది. "నీకు ఎర్కెనా? ఎర్కుండే ఎక్కినవా?"

"ఎరికే."

"ఇన్నొద్దులు ఇసుకను తిట్టుకున్న. మన్నును తిట్టుకుంటె మనసుకు బరువు లేకుండె. ఇప్పుడు నిన్ను తిట్టుకోవాల్నా? నువ్వు తెచ్చిన అన్నం గూడ తింటి గద సారు." గోడ దిక్కు తిరిగింది. తిరుగుతుంటె కాలు గుంజి "అమ్మా" అన్నది. బిడ్డ నా చేతిల టిఫిన్ డబ్బ అట్లనే నాకు తిప్పి ఇచ్చి, "పోండి సార్," అన్నది.

చెప్తే మనసు తేలికైతదంటరు. కాలేదు. నా బరువు దించుకొని ఆమె మీద పెట్టొచ్చిన అనిపించింది. చెప్పకపోయినా తప్పే, చెప్పింది గూడ నా కోసమేనా అని ఇప్పటికీ తెలుస్తలేదు. ఇది నిన్ను అడుగుదామనే రాస్తున్న. నువ్వు నాకు అన్నీ చెప్పినవ్, ఇట్లాంటిది ఎప్పుడు చెప్పలేదు.

స్టేషన్‌కు పోయిన. ఎస్సై విని, "అందరు సర్దుకున్నంక మల్ల ఎందుకు సార్?" అన్నడు. రాసిచ్చిన. కేసు నడుస్తది, లైసెన్స్ ఉంటదో పోతదో తెలువది. ఉదయ్ భాస్కర్‌కు గూడ చెప్పిన. "నేనే దగ్గరుండి ఎక్కించానండి మిమ్మల్ని," అని తల పట్టుకున్నడు. బండిని వాళ్ల సెల్లార్‌ల పెట్టుకున్నడు, తాళం నాకు ఇయ్యలేదు, నేను అడగలేదు.

మొన్న శుక్రవారం ఈరమ్మ బిడ్డ ఫోన్ చేసింది. అమ్మ ఒక మాట చెప్పుమన్నదన్నది. నేను లేచి నిలబడ్డ. "సారును ఆపరేషన్ చేపిచ్చుకోమను. లేకుంటె ఇంకొకల మీద పడతడు." అంతే, పెట్టేసింది. క్షమించిందని నేను అనుకుంటలేను. కాని అది విన్నంకనే డాక్టర్‌కు ఫోన్ చేసిన. బుధవారం ఆపరేషన్. ఇంత ఆలస్యం చేసినందుకు నరం తిరిగి వస్తదని మాట ఇయ్యలేనన్నడు.

అంతర్వేది ఏప్రిల్‌ల లేదు అక్కా. ఎప్పుడో గూడ చెప్పలేను. చెప్పలేనిది చెప్పొద్దని ఇప్పుడు అనుకుంటున్న. బూట్లు వాపసు ఇయ్యకు, బావతోని పొద్దున నడవనీకి పనికొస్తయి. ఆపరేషన్ అని బస్సెక్కి రాకు. నువ్వు దారి పొడుగున కక్కుకుంట వస్తే నాకు ఇంకా సిగ్గైతది. వస్తవని గూడ తెలుసు.

నిన్న సాయంత్రం సోఫాల కూసున్న. రజిత వచ్చి నేల మీద కూసొని నా ఎడమ పాదం ఒళ్లె పెట్టుకున్నది. రెండు వారాల తర్వాత దగ్గరికొచ్చుడు అదే. కండ్లు మూసుకోమన్నది. మూసుకున్న. కాసేపైనంక అడిగింది, "ఇప్పుడు పట్టుకున్న. తెలుస్తున్నదా?"

మూడు నెలలు ఇంట్ల ఎవరేమడిగినా బాగున్న, బాగున్న అన్న నోరు ఇది. ఇప్పుడు గూడ తెలుస్తున్నది అనబోయిన.

"లేదు," అన్న.

కండ్లు తెరిచి చూస్తే రెండు చేతులతోని పాదాన్ని గట్టిగ పట్టుకొని ఉన్నది. నాకు ఆ చేతుల వేడి తెలువలేదు, చూసి తెలుసుకున్న.

తిట్టాలనుకున్నదంత తిట్టు అక్కా, కాని నీ చేత్తోనే రాసి పంపు. బావకు నమస్కారాలు.

ఇట్లు,
నీకు అబద్ధం రాసిన, ఇగ రాయని
నీ తమ్ముడు
అనిల్