తెగిపోయే దారం

లింబాద్రీ,

పొద్దున దీపం పెట్టి, నీ పేరు చెప్పుకొని, ఈ ఉత్తరం రాస్తున్నాను.

రైసూత్ సముద్రం ఒడ్డున మన తోడబుట్టిన పోశెట్టి ప్రాణం పోయిన రాళ్ల మీదికే, రూమ్ వాళ్లతో చేపలకు పోతానన్నావు. వద్దంటే నాకు చెప్పకుండా పోతావు. అందుకే వద్దనడం లేదు. కావలసిన సామాను అటు వస్తున్న జావెద్ చేతికిచ్చి పంపుతున్నాను. నేనుండే అల్ హైల్‌లో చేపలు పట్టేవాళ్లను అడిగి తెలుసుకున్నదే రాస్తున్నాను.

గాలాలు చిన్నవే పెట్టాను, పెద్ద చేప మనకు వద్దు. ఎరకు పిండిముద్ద పనికిరాదు, ఉప్పునీళ్లలో కరిగిపోతుంది. చిన్న చేపను ముక్కలు కోసి గుచ్చు. సముద్రానికి వీపు పెట్టి నిలబడకు.

దారాన్ని మాత్రం చేతికి చుట్టుకోకు. పోశెట్టి మన ఊరి చెరువులో పట్టినట్టే మణికట్టుకు చుట్టుకున్నాడు. పెద్ద చేప కోసమని బాగా గట్టి దారం కొన్నాడు. చేప రాళ్ల సందులోకి దూరింది. అల వచ్చేసరికి చెయ్యి విడిపించుకోలేకపోయాడు. ఆస్పత్రిలో నేను చూసినప్పుడు ఆ దారం ఎముక దాకా దిగి ఉంది. అమ్మకు ఆ మాట చెప్పలేదు. నువ్వూ చెప్పకు.

ఇక్కడ గాలాలమ్మే అబ్దుల్ కడపాయన. అన్నిట్లోకి సన్న దారం ఏరుకుంటే నన్ను ఆపాడు.

“పెద్ద చేప పడితే తెంచుకపోతాదక్కా. గట్టిది తీసుకో.”

“తెంపుకపోయేదే గావాలె, తమ్ముడూ” అన్నాను.

అదే పంపుతున్నాను.

నీ పెద్దక్క